టీచరమ్మ తాళంచెవులు

తాళాలాయన జన్మలో ఒక్క తాళం కూడా పగలగొట్టలేదు. పగలగొట్టడం చేతకాని వాళ్ళు చేసే పని అనేవాడు. చేతిలో వంచిన తీగముక్క, చెవిలో కాస్త వినికిడి ఉంటే ఏ తాళమైనా దానంతటదే మాట వింటుందని ఆయన నమ్మకం. అలాంటి మనిషి మీద చివరికి పడ్డ నేరం ఏమిటయ్యా అంటే, తాళం పగలగొట్టి పరాయి ఇంట్లో చొరబడ్డాడని. దేవుడికి కూడా ఒక్కోసారి వెటకారం ఎక్కువే.

ఆయన వయసు అరవైకి రెండు తక్కువ. బక్కపలచటి ఒళ్ళు, ఆకురాయి రాపిడికి నున్నబడిపోయిన బొటనవేళ్ళు. వీధి మలుపులో రేకుల పెట్టె లాంటి కొట్టు. ఆ కొట్టుకు వెనకగోడ లేదు, పక్కింటి గోడే దానికి వెనకగోడ. ఆ పక్కింట్లో ఒకప్పుడు ఒక టీచరమ్మ ఒంటరిగా ఉండేది. ఉద్యోగం అయిపోయాక వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, వీధి తలుపుకి ఈయన చేతే కొత్త తాళం వేయించుకుని, రెండు తాళంచెవులూ పర్సులో వేసుకుని రిక్షా ఎక్కింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం ఆ ఇంటి కప్పు కుంగి, నీళ్ళు గోడలోంచి ఊటలా కొట్టులోకి రావడం మొదలైంది. పెట్టెల్లో తాళాలన్నీ తుప్పు పట్టసాగాయి. టీచరమ్మకి రెండు ఉత్తరాలు రాస్తే రెండూ తిరిగొచ్చాయి. ఇక లాభం లేదని తీగముక్కతో తాళం తీసి లోపలికి వెళ్ళాడు. మోకాలి దాకా నీళ్ళు. నాలుగు రోజులు తోడి, కప్పు మీద కొత్త రేకులు వేశాడు. సరిగ్గా ఆ నెలలోనే ఆయన అద్దెకుంటున్న గదిని మునిసిపాలిటీ వాళ్ళు రోడ్డు కోసం కూలగొట్టారు. వాన తగ్గేదాకా ఉందామని కొత్తగా పెళ్ళైన భార్యను, ఆవిడ కుట్టుమిషన్నీ తీసుకుని ఇక్కడికి వచ్చాడు. వాన తగ్గింది. వాళ్ళు వెళ్ళలేదు. అలా ఇరవై మూడేళ్ళు.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ మనిషి కొంప మునిగింది దాంతోనే. ఆయనకు పని నేర్పిన గురువు ఒక నియమం పెట్టాడు. తాళం మార్చేవాడికి మార్చిన తలుపు మీద హక్కు లేదు, తలుపు ఎవరిదో ఒక తాళంచెవి వాళ్ళది, వాళ్ళు ఎదురుగా లేకపోతే దాని మీద పేరు రాసి మేకుకి తగిలించి ఉంచాలి. ఆ నియమం తప్పినవాడి చేతికి మళ్ళీ తాళం ఇవ్వకూడదు. టీచరమ్మ వేయించిన తాళం తుప్పుపట్టి పోయినప్పుడు ఈయన కొత్తది వేసి, మూడో తాళంచెవి ఒకటి కోసి, అట్టముక్క మీద ‘టీచరమ్మది’ అని రాసి, తలుపు పక్కన మేకుకి వేలాడదీశాడు. ఆ తర్వాత ఇంకో నాలుగుసార్లు తాళం మారింది. ప్రతిసారీ ఒక చెవి, ఒక అట్టముక్క. మేకుకి ఐదు పడ్డాయి.

“ఏంటయ్యా ఆ గుత్తి? టీచరమ్మ ఒక్కతే వస్తుందా, చుట్టాలందర్నీ వెంటేసుకొస్తుందా?” అని భార్య ఎగతాళి చేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆవిడ బట్టలు కుట్టేది. వీధి కిటికీ పక్కన మిషన్ వేసుకుని, కాలనీలో సగం మందికి జాకెట్లూ స్కూలు బట్టలూ కుట్టింది. పదేళ్ళ కిందట చూపు అంచుల నుంచి చీకటి పడటం మొదలైంది. డాక్టర్లు పేరేదో చెప్పారు గానీ మందేదీ చెప్పలేదు. కొద్దికొద్దిగా మూసుకుపోతూ వచ్చి, ఇప్పుడు వెలుగుందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. అయినా ఆ ఇంట్లో ఆవిణ్ణి చూసినవాళ్ళెవరూ గుడ్డిది అనుకోరు. మంచం దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి ఆరడుగులు. పెరటి గుమ్మం ముందు ఒక పలక కాస్త లేచి ఉంటుంది, అది పాదానికి తగలగానే పొట్టి గుమ్మానికి తల వంచుతుంది. పొయ్యి మీద పాలు పొంగేలోపు వెళ్ళి దింపుతుంది. గుండీలు కుట్టడం, అంచులు మడవడం వేళ్ళతోనే చేసేస్తుంది. వీధిలోకి మాత్రం భర్త చెయ్యి లేకుండా ఒక్కడుగు వెయ్యదు. ఆ ఇంట్లో ఉన్నంతసేపే ఆవిడకి కళ్ళున్నాయి.

అలా ఉండగా టీచరమ్మ పోయిందని తెలిసింది. ఆ వార్త మోసుకొచ్చినవాడు ఆవిడ మేనల్లుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి ఒకసారి చూసి, నెలలోపు ఖాళీ చెయ్యమన్నాడు. భార్య కుదరదంది. రెండు వారాల తర్వాత పోలీసులు వచ్చారు. తాళం పగలగొట్టడం, దౌర్జన్యంగా ఇంట్లో చొరబడటం, లోపలి సామాను దొంగిలించడం. సామానంటే ఒక నులకమంచం, ఒక విరిగిన బల్ల.

జామీను మీద బయటికొచ్చాక, డబ్బు లేనివాళ్ళ కోసం కోర్టు పెట్టే లాయర్లలో ఒకమ్మాయి వాళ్ళింటికి వచ్చింది. కాలనీలో లాయరమ్మ అన్నారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మంచి తెలివైన పిల్ల. ఆ రోజు ఆ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

“బాబాయ్‌గారూ, ఇవి రెండు కేసులు. ఒకటి మిమ్మల్ని జైల్లో పెట్టడానికి వాళ్ళు వేసింది. రెండోది ఈ ఇల్లు మీకు రావడానికి మనం వెయ్యబోయేది. మొదటిదాంట్లో మనం నోరు విప్పం. తాళం పగలగొట్టారని నిరూపించాల్సింది వాళ్ళు. ఇరవై మూడేళ్ళ కిందటి సంగతి, వాళ్ళ తరం కాదు. అది రెండు వాయిదాల్లో కొట్టుకుపోతుంది.”

“మరి రెండోదో?”

“పరాయి ఇల్లయినా సరే, అందరి కళ్ళముందూ, మాదే అన్నట్టు, ఓనరు మాట లెక్కచెయ్యకుండా చట్టం చెప్పినన్నేళ్ళు ఉంటే ఇల్లు మీదైపోతుంది. ఆ ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. కప్పు వేసింది మీరు, పన్ను కట్టింది మీరు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. ఇల్లు ఆవిడదే, ఆవిడ కోసమే ఉంచానని మీ నోట ఎక్కడైనా వచ్చిందా, అంతే సంగతులు.”

తాళాలాయన తలుపు వైపు చూశాడు. లాయరమ్మ కూడా చూసింది. లేచి వెళ్ళి ఆ అట్టముక్కలు ఒక్కొక్కటే తిప్పి చదివింది. మొహంలో రంగు మారింది.

“వీటి సంగతి ఎవరికైనా చెప్పారా?”

“ఎవరూ అడగలేదమ్మా.”

“అడిగేదాకా చెప్పొద్దు. అబద్ధం ఆడమనట్లేదు బాబాయ్‌గారూ. అడగనిది చెప్పొద్దంటున్నా.”

అర్థమైందన్నట్టు తలూపాడు. అర్థమైంది కూడా. ఈ కథలో తెలియక చేసిన తప్పు ఒక్కటీ లేదు, అదే నాకు ఒళ్ళుమంట.

కేసు సంగతి పాకాక కొట్టుకొచ్చేవాళ్ళ తీరు మారింది. రానివాళ్ళు రాలేదు సరే, వచ్చినవాళ్ళు ఇంకా కష్టపెట్టారు. ఇరవై ఏళ్ళుగా బీరువా తాళాలు నమ్మకంగా వదిలి వెళ్ళిన కిరాణా కొట్టు యజమాని ఇప్పుడు ఎదురుగా నిలబడి, చెవి కోసేదాకా కళ్ళార్పకుండా చూశాడు. కోసిన తర్వాత “ఇంకోటేమీ కొయ్యలేదు కదా?” అని నవ్వుతూ అడిగాడు. తాళాలాయన కూడా నవ్వాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. తాళాలు చేసేవాడికి దొంగ అన్న పేరొస్తే వాడి చేతులు నరికినట్టే. మంగలి కత్తి జారిందని తెలిశాక గెడ్డం ఎవడిస్తాడు?

మొదటి వాయిదా రోజు ప్రభుత్వ లాయరు నేరం చదివి వినిపిస్తూ, “ముద్దాయి తాళాలు తీయడంలో ఆరితేరినవాడు” అన్నాడు. పొగడ్తలా లేదు ఆ మాట. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనే లాయరమ్మ ఏమీ మాట్లాడకుండా కాగితం మీద ఏదో రాసుకుంటోంది. అక్కడ తెగింది ఆయనకు. లేచి నిలబడి చేతులు జోడించాడు.

“అమ్మా, నా కేసు నేనే చెప్పుకుంటాను.”

జడ్జిగారు నడివయసు ఆవిడ, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. వాటిపైనుంచి చూసింది.

“మీకు లాయరున్నారు కదా?”

“ఉన్నారమ్మా. మంచి పిల్ల. కానీ మాట్లాడదు.”

కోర్టులో నవ్వులు. జడ్జిగారు నవ్వలేదు.

“చదువుకున్నారా?”

“చదవడం రాయడం వచ్చమ్మా.”

“నేరం రుజువైతే జైలని తెలుసా? సాక్షుల్ని అడగడం, అభ్యంతరం చెప్పడం, అన్నీ మీరే చూసుకోవాలి. రాదని మేం జాలిపడం. మీరు ఇక్కడ చెప్పిన ప్రతి మాటా రికార్డవుతుంది, రేపు ఇంకెక్కడైనా మీకే అడ్డం రావచ్చు. తెలిసే అడుగుతున్నారా?”

“తెలిసే అడుగుతున్నానమ్మా.”

“సొంతంగా వాదించుకునే హక్కు మీకుంది, కాదనలేను. మంచిది కాదని మాత్రం చెప్తున్నాను.” ఆవిడ ఆ మాట గుమాస్తా చేత రాయించి, ఆయన చేత సంతకం పెట్టించింది.

వరండాలో లాయరమ్మ దాదాపు ఏడ్చినంత పని చేసింది. “గోటితో పోయేదానికి గొడ్డలెందుకు బాబాయ్‌గారూ?”

“మౌనం అర్ధాంగీకారం అంటారు కదమ్మా. నేను ఊరుకుంటే దొంగనని ఒప్పుకున్నట్టే.”

“అది పెళ్ళిచూపుల్లో. కోర్టులో కాదు.”

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ మిషన్ చక్రం ఆపింది.

“కేసు కొట్టేస్తారని ఆ పిల్ల చెప్పింది కదా?”

“కొట్టేస్తారు. కానీ రుజువు కాలేదు అంటారు. చెయ్యలేదు అనరు. రెండింటికీ తేడా ఉంది.”

“నీకు పేరు కావాలి,” అందావిడ. “నాకు ఈ గోడ కావాలి. గోడ పోతే నేను ఎక్కడ చెయ్యి వేసుకుని నడవను? అది ఆలోచించావా?”

“నోరుంటే తల కాస్తుందంటారే. ఇంటి సంగతి దాని కోర్టులో చూసుకుందాం.”

ఆవిడ మళ్ళీ చక్రం తిప్పింది. దారం ఎప్పుడో తెగిపోయింది, సూది ఉత్తినే గుడ్డలో దిగుతూ లేస్తూ ఉంది. ఆయన అది చూశాడు, చెప్పలేదు.

రెండో వాయిదాలో మేనల్లుడు బోనెక్కాడు. ఇక్కడ మాత్రం తాళాలాయన్ని మెచ్చుకోకుండా ఉండలేం. పోలీసులు పెరటి మూలలోంచి పాత తాళం ఒకటి ఏరుకొచ్చి, ఇదే పగలగొట్టిన తాళం అని కోర్టులో పెట్టారు. టీచరమ్మ వేయించిన తాళమే అది. ఆయన దాన్ని చూపించమని అడిగాడు. అరచేతిలో పెట్టుకుని, పాత స్నేహితుడు కనబడ్డట్టు చూసుకున్నాడు.

“బాబూ, దీన్ని దేంతో పగలగొట్టానంటారు?”

“ఏమో, సుత్తితోనో గునపంతోనో.”

“మరి కొక్కెం వంగలేదే? ఒంటి మీద దెబ్బ లేదు, గీత లేదు.” జేబులోంచి వంచిన తీగ తీసి జడ్జిగారి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. రెండు ఊపిర్లు పీల్చేలోపు, అంత తుప్పులోనూ, కటుక్కుమని తాళం తెరుచుకుంది. “పగిలిన తాళం ఇలా తెరుచుకోదు బాబూ. ఇది పగల్లేదు. ముసలిదైపోయింది, అంతే.”

ఈసారి కోర్టులో నవ్వులు ఆయన పక్షాన. మేనల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంటి సామాను చివరిసారి ఎప్పుడు చూశావంటే వాడు చెప్పలేకపోయాడు, ఎందుకంటే ఖాళీ చెయ్యమనడానికి వచ్చేదాకా వాడు ఆ ఇల్లు చూడనే లేదు. మేనత్త ఉన్నన్నాళ్ళూ గుమ్మం తొక్కని మేనల్లుడు మరి. ప్రభుత్వ లాయరు గొంతు సవరించుకుని సాక్ష్యం అయిపోయిందన్నాడు.

ఆ క్షణాన కూర్చుని ఉంటే సరిపోయేది. జడ్జిగారు కూడా ఆ మాటే అంది. “మీ తరఫున మీరు సాక్ష్యం చెప్పుకోవచ్చు, చెప్పకపోయినా ఏమీ అనుకోం. బలవంతం లేదు.” వెనక బెంచీలో లాయరమ్మ కూర్చుని ఉంది, తన కేసు కాకపోయినా వచ్చింది. కూర్చోమన్నట్టు అరచెయ్యి కిందికి ఆడించింది. ఆయన చూశాడు. కానీ నవ్వులు వినబడ్డ చెవులకు ఇంకేం వినబడతాయి? అలవాటైన తాళం ముందు నిలబడ్డట్టే ఉంది ఆయనకు, ఇంకొక్క తిప్పు తిప్పితే చాలు మొత్తం తెరుచుకునేట్టు. బోనెక్కాడు. చొక్కా లోపలి జేబులోంచి ఐదు తాళంచెవులు తీసి బోను కర్ర మీద వరసగా పెట్టాడు. అట్టముక్కలు పసుపుపచ్చగా మారిపోయి ఉన్నాయి.

“అమ్మా, నేను దొంగనే అయితే ఇవెందుకు చేస్తాను? తాళం మార్చిన ప్రతిసారీ ఆవిడ పేరు మీద ఒక చెవి చేశాను. ఇల్లు నాదని ఏ రోజూ అనుకోలేదు. ఆవిడ వచ్చి అడిగుంటే ఆ పూటే చేతిలో పెట్టి బయటికి నడిచేవాణ్ణి. ఇల్లు ఆవిడదే. నేను కాపలా ఉన్నాను.”

గుమాస్తా ఆ మాటలన్నీ టైపు కొట్టాడు. లాయరమ్మ కళ్ళు మూసుకుంది. మేనల్లుడి సొంత లాయరు అప్పటిదాకా గోడకానుకుని నిలబడి ఉన్నవాడు, ప్రభుత్వ లాయరు దగ్గరికి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ప్రభుత్వ లాయరు లేచాడు.

“ముద్దాయిని అడగాల్సిందేమీ లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రికార్డు చెయ్యమని మాత్రం కోరుతున్నాం.”

తాళాలాయన అది తన గెలుపనుకున్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయారని.

ఆయన చెప్పింది అబద్ధమా అంటే కాదు. పూర్తిగా నిజమా అంటే, అదీ కాదు. మొదటి చెవి కోసిన రోజు టీచరమ్మ వస్తుందనే కోశాడు. రెండోది కోసినప్పుడు వస్తుందేమోనని. ఐదోది కోసేనాటికి ఆవిడ మొహం కూడా మర్చిపోయాడు, చేతికి అలవాటై కోశాడు. ఆ మధ్యలో ఆ గోడలకి సున్నం వేసినప్పుడు, లేచిన పలక సరిచేద్దామని పూనుకుంటే భార్య వద్దన్నప్పుడు, ఇది నా ఇల్లు అని ఎన్నిసార్లు అనుకున్నాడో ఆయనకే తెలుసు. ఆ మాట చెప్పుకోవాల్సిన కోర్టు వేరే ఉందని తెలిసీ, ఈ కోర్టులో మంచివాడనిపించుకోవడానికి దాన్ని మింగేశాడు. కోపం రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి? జాలీ వస్తుంది, అది వేరే సంగతి.

తీర్పు నెలలోనే వచ్చింది. తాళం పగలగొట్టారన్నదానికి ఆధారం లేదు, దొంగతనానికి అసలే లేదు, ముద్దాయి నిర్దోషి. ఐదు తాళంచెవుల మాట ఆ తీర్పులో ఎక్కడా లేదు. అవసరం పడలేదు. కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యి కలిపారు. కిరాణా యజమాని బీరువా తాళం తెచ్చి, పని అయ్యేదాకా ఆగకుండా వదిలేసి వెళ్ళాడు. తాళాలాయన ఆ తాళాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఇంటి కేసు తీర్పు మరో ఏడాదికి వచ్చింది. దాంట్లో ఆ తాళంచెవులు మొదటి పేజీలోనే ఉన్నాయి. ‘ఇల్లు ఆవిడదే. నేను కాపలా ఉన్నాను’ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు. ఎవరి బలవంతం లేకుండా, జడ్జి హెచ్చరించాక కూడా, తన నోటితో తాను చెప్పుకున్నాడు కాబట్టి ఇక వేరే సాక్ష్యంతో పనిలేదన్నారు. లాయరమ్మ పై కోర్టుకి వెళ్దామంది గానీ, ఆ పిల్ల గొంతులోనే నమ్మకం లేదు.

ఖాళీ చేసిన రోజు మేనల్లుడు వేరే తాళాల మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. తాళాలాయన ఐదు చెవులూ చేతిలో పెట్టబోయాడు. “ఇవి టీచరమ్మవి బాబూ.” వాడు అవి తీసుకోకుండా, తాళం మార్చమని ఆ మనిషికి చెప్పాడు. ఐదింట్లో ఏదీ ఇక ఏ తలుపుకీ పనికిరాదు. ఆయన వాటిని మేకుకే తగిలించి బయటికి వచ్చాడు.

కొత్త గది ఒక మేడ మీద. మెట్లు పద్దెనిమిది. గది బాగానే ఉంది, గాలొస్తుంది, గోడలు నున్నగా ఉన్నాయి. ఎక్కడా లేచిన పలక లేదు, విరిగిన ఇటుక లేదు, చేతికి గుర్తు తగిలేది ఒక్కటీ లేదు. మొదటి వారంలోనే ఆవిడ రెండుసార్లు పడింది. పొయ్యి ఆయనే వెలిగించడం మొదలుపెట్టాడు. మిషన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ట్రంకుపెట్టెలోంచి ఆ మొదటి తీర్పు కాగితం తీశాడు. ఎందుకు తీశాడో, ఊరట కోసమేనేమో. మంచం మీద కూర్చున్న భార్యకి చదివి వినిపించాడు. నిర్దోషి అన్న దగ్గర ఆగి, మళ్ళీ ఇంకోసారి చదివాడు. ఆవిడ శ్రద్ధగా వింది. తర్వాత లేచి, రెండు చేతులూ ముందుకు చాపి, గది మధ్యలో నిలబడిపోయింది.

“అందులో గుమ్మం ఎటుందో రాశారా?” అని అడిగింది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే బయటికి వెళ్ళాలి ఆవిడకి. ఆయన కాగితం మంచం మీద పెట్టి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దాకా తొమ్మిదడుగులు. ఆవిడ పైకే లెక్కపెట్టింది.